అన్నది అన్నట్టు రాసే అక్క

మా అక్క ఫోనెత్తి హలో అనదు. "చెప్పండి, రాసుకుంటున్నా" అంటుంది.

అక్కంటే నా తోడబుట్టింది కాదు. మా ఆస్పత్రి కంప్యూటర్ సెక్షన్లో ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చునే ఆవిడ. పెద్ద డాక్టరుగారి దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ళ దాకా అందరికీ ఆవిడ ఎక్స్ఛేంజి అక్కే. ఇరవై ఒకటో ఏట టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుందిట. పన్నెండేళ్ళ కిందట ఆ బోర్డు పీకేసి స్టోర్ రూములో పడేశారు. బోర్డుకైతే చోటు దొరికింది గానీ అక్కనేం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. తెచ్చి మా సెక్షన్లో కూర్చోబెట్టారు. ఆ ఆలోచన ఎవరిదో నాకు తెలీదు గానీ, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

నేను సర్వర్లు చూసేవాణ్ణి. కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ముక్కు మీద కాదు, నాలుక మీదే ఉండేది అప్పట్లో. ఎవరైనా "ప్రింటర్ పనిచెయ్యట్లేదు" అని వస్తే ముందు తిట్టేసి తర్వాత చూసేవాణ్ణి. అక్కను కూడా వదల్లేదు. ఫోన్ రాగానే నొక్కడానికి ఆవిడ కంప్యూటర్లో ఏడు గడులు పెట్టాను: నెట్‌వర్క్, ప్రింటర్, పాస్‌వర్డ్, అలాంటివి. ఒకటి నొక్కితే చాలు, పని అయిపోతుంది. అక్క బుద్ధిగా గడి నొక్కేది. నొక్కాక నోటుబుక్కు తీసి, ఫోన్లో వాళ్ళన్న మాటలు పొల్లుపోకుండా రాసేది. టైముతో సహా.

"ఎందుకక్కా ఈ చాకిరీ? నెట్‌వర్క్ ప్రాబ్లం అని రాస్తే సరిపోదూ?"

"అది నువ్వనుకున్నది. వాళ్ళు అలా అన్లేదుగా."

"వాళ్ళేమన్నారో ఎవడిక్కావాలి!"

"మా ఆయనకు కావాలి," అంది అక్క, చాలా మామూలుగా.

విషయం ఏంటంటే, వాళ్ళాయన ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. మెషిన్ల మోతకి పెళ్ళైన నాలుగో ఏటే చెవులు పోయాయి. అప్పట్నుంచి ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళ మాటలు పలక మీద రాసి ఆయనకు చూపించడం అక్క పని. ఒకసారి ఆడపడుచు వచ్చి అరగంట మాట్లాడితే అక్క "అంతా బాగున్నారట" అని రాసిందిట. ఆయన పలక విసిరికొట్టాడు. "అరగంట సేపు బాగున్నాం అనే చెప్పిందా? ఆవిడ అన్నది రాయి. నీకు అర్థమైంది నాకెందుకు?" ఆ రోజు నుంచి అక్క ఎవరి మాటనూ కుదించలేదు. ఇంట్లో అలవాటే ఆఫీసుకూ వచ్చింది. నేనేమో దాన్ని చాదస్తం అన్నాను, ఆవిడ మొహం మీదే.

అసలు కథకొస్తా. మా ఆస్పత్రిలో రిజిస్ట్రేషనుకి ఒకటి, మందుల షాపుకి ఒకటి, ల్యాబుకి ఒకటి, ఇలా పదకొండు పాత కంప్యూటర్లు ఒక్కో గదిలో మూలుగుతూ ఉండేవి. వాటన్నిటినీ తీసేసి ఒకే పెద్ద సర్వర్ తెప్పించాను. దానిలోపల పదకొండు కంప్యూటర్లు ఉన్నట్టు సాఫ్ట్‌వేరే నడిపిస్తుంది. వాటిని వర్చువల్ మెషిన్లంటాం. చేత్తో ముట్టుకోవడానికి ఏమీ ఉండదు గానీ పని మాత్రం నిజంగానే చేస్తాయి. ఆ పదకొండూ బయటివాళ్ళతో మాట్లాడాలన్నా, వాటిలో అవి మాట్లాడుకోవాలన్నా మధ్యలో ఒక స్విచ్ ఉంటుంది. అదీ డబ్బా కాదు, ప్రోగ్రామే. ఎవరి సమాచారాన్ని వాళ్ళకి అందించడం దాని పని.

ఇదంతా నేను గొప్పగా వివరిస్తే అక్క విని, "అంటే నా పాత బోర్డే కదయ్యా. అందరి మాటా నా చేతిమీదుగానే వెళ్ళేది. నాకు జ్వరమొస్తే ఆస్పత్రి మొత్తం మూగబోయేది," అంది. నేను నవ్వేశాను. నవ్వినందుకు తర్వాత బాగానే అయింది నాకు.

ఒక శనివారం ఆ స్విచ్ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వేశాను. సోమవారం పొద్దున ఆస్పత్రంతా ఆగిపోయింది. రిజిస్ట్రేషన్ దగ్గర క్యూ గేటు దాకా వెళ్ళింది. మందుల షాపులో చీటీలు కనిపించవు, వార్డుల్లో రిపోర్టులు తెరుచుకోవు. పదకొండు మెషిన్లూ బతికే ఉన్నాయి, ఒక్కదానికీ నోరు పెగలడం లేదు. నేను పరుగెత్తుకెళ్ళి సర్వర్ రీస్టార్ట్ చేశాను. ఇరవై నిమిషాల్లో అన్నీ లేచాయి. అబ్బ, ఏం చెయ్యిరా నాది అనుకున్నాను.

మళ్ళీ గురువారం, ఆ మరుసటి మంగళవారం. ఆరు వారాల్లో తొమ్మిదిసార్లు. ప్రతిసారీ రీస్టార్ట్, ప్రతిసారీ ఇరవై నిమిషాలు. ఒక రోజు ఆపరేషన్ బల్ల మీద మనిషి ఉండగా రక్తం గ్రూపు రిపోర్టు తెరుచుకోకపోతే నర్సు మూడంతస్తులు పరుగున దిగి కాగితం మీద రాయించుకుని వెళ్ళింది. ఆ మనిషి బతికింది. బతక్కపోతే ఏమయ్యేదో అని పెద్ద డాక్టరుగారు నా గదిలోకొచ్చి అడిగారు. గొంతు పెంచకుండా అడిగారు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నాకు ఒక దోషి కావాలి. దొరికాడు.

ల్యాబులో ఒక టెక్నీషియన్ ఉన్నాడు. రోజంతా రక్తం చుక్కలతోనే పని కాబట్టి అందరూ ఆయన్ని చుక్కలాయన అంటారు. యాభై దాటాయి, నోట్లో నాలుక లేని మనిషి. ప్రతిసారీ నెట్‌వర్క్ పోగానే మొదటి ఫోన్ ల్యాబు నుంచే వచ్చేది. ఒక రోజు వెళ్ళి చూస్తే ఆయన బల్ల కింద, వైర్ల మధ్య, మేం ఇవ్వని చిన్న డబ్బా ఒకటి. ల్యాబు వైరు దాంట్లోకెళ్ళి బయటికొస్తోంది.

"ఇదేంటి?"

"వైరు అందలేదు సార్, బల్ల జరిపాక. అందుకని పెట్టాను."

"ఎవరినడిగి?"

ఆయన ఏదో చెప్పబోయాడు. నేను వింటేగా! సొంత డబ్బా తగిలించి ఏవో సినిమాలు దించుకుంటున్నాడు, దాని దెబ్బకే ఆస్పత్రి కుప్పకూలుతోంది అని రిపోర్టు రాసి పైకి పంపాను. విచారణ అయ్యేదాకా ఆయన్ని ఇంట్లో కూర్చోమన్నారు. ఆయన నడిపే పాత రక్తపరీక్ష మెషిన్ ఆపేసి శాంపిళ్ళు బయటి ల్యాబుకి పంపారు. చిత్రం చూడండి, ఆ వారం నెట్‌వర్క్ ఒక్కసారీ పోలేదు. ఇంకేం కావాలి? నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. సోమవారం విచారణ, ఉద్యోగం పోవడం ఖాయమని ఆఫీసులో గుసగుసలు. నాకు జాలి కూడా వెయ్యలేదు. ఈ మాట ఇవాళ చెప్పడానికి సిగ్గుగా ఉంది.

శనివారం పొద్దున విచారణ కాగితాలు సిద్ధం చేస్తూ, "అక్కా, మొత్తం ఎన్నిసార్లు పోయిందో అంకె చెప్పు," అన్నాను.

"అంకె కావాలా, జరిగింది కావాలా?"

"అక్కా, పొద్దున్నే నా బుర్ర తినకు."

"రెండుసార్లు చెప్పబోయాను. పోయి ఫోన్ చూసుకో అన్నావ్. ఇవాళ వినే వెళ్తావ్," అని మూడు నోటుబుక్కులు తెచ్చి నా కీబోర్డు మీదే పెట్టింది. కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలెట్టింది.

"సోమవారం, తొమ్మిదీ పది. ల్యాబు నుంచి చుక్కలాయన. 'అక్కా, మెషిన్ కడిగి ఆన్ చేశాను. పచ్చదీపం వెలిగి ఆరు లెక్కపెట్టేలోపు కంప్యూటర్ ఆగింది. నా వల్లేనేమో, సార్‌కి చెప్పండి.' గురువారం, పదకొండూ ఐదు. చుక్కలాయనే. 'ఇవాళ కూడా కడిగి ఆన్ చెయ్యగానే పోయిందక్కా. సార్‌ని ఒకసారి వచ్చి చూడమనండి.'"

"చూశావా! వాడే ఒప్పుకుంటున్నాడు!"

"వాడూ వీడూ అనకు. నీకంటే పదేళ్ళు పెద్దాయన." అక్క పేజీ తిప్పింది. "ఇది విను. బుధవారం, పదీ ఇరవై. ల్యాబు నుంచి ఎక్స్‌రే ఆవిడ. 'చుక్కలాయన సెలవు, వాళ్ళ అబ్బాయి పరీక్షట. నన్ను చూసుకోమన్నారు. మెషిన్ ఆన్ చేసి ఇంకా గ్లవ్స్ కూడా వేసుకోలేదు, అంతా ఆగిపోయింది.'"

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆయన సెలవులో ఉన్న రోజు! ఆ రోజు నేనేం రాశాను? "నెట్‌వర్క్ ప్రాబ్లం, రీస్టార్ట్." తొమ్మిదిసార్లూ నా గడిలో అదే ముక్క ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తుండగా అన్నది ఎక్కడా లేదు. పైగా ఆ స్విచ్ ప్రోగ్రాం ఏం జరిగిందో తన చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టా మెమరీలోనే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే చెరిగిపోతుంది. తొమ్మిదిసార్లూ సాక్ష్యాన్ని నా చేత్తో నేనే కడిగేశాను.

అక్క ఇంకా ఆపలేదు. "ఇది కొంచెం పాతది. 'అక్కా, బల్ల జరిపారు, వైరు అందట్లేదు, ఏం చెయ్యమంటారో సార్‌ని అడగండి.' అడిగాను. నీ జవాబు కూడా రాసుకున్నా. 'ఏదో ఒకటి పెట్టుకుని ఏడవమను.'"

ఆ మాట నాదే. నా గొంతుతో వినపడింది.

"ఇంకోటుంది. మొదటిసారి పోవడానికి రెండు రోజుల ముందు, శనివారం. నువ్వే. 'కొత్త వెర్షన్ వేశానక్కా. ఎవరైనా అడిగితే పిసరంత తేడా కూడా ఉండదని చెప్పు.'" అక్క కళ్ళజోడు తీసింది. "ఆ మెషిన్ పదకొండేళ్ళుగా ఉంది నాయనా. పదకొండేళ్ళూ నాలుగైదు రోజులకోసారి ఆపి కడుగుతూనే ఉన్నారు, ఆన్ చేస్తూనే ఉన్నారు. నా పుస్తకాల్లో ఈ రకం ఫోన్ ఒక్కటి లేదు, ఆ శనివారం ముందు."

అప్పటికి నా కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. "ఆ మెషిన్ మళ్ళీ ఆన్ చేసి చూడాలి," అన్నాను. "దాన్ని కడిగి పెట్టడం ఆయనకే బాగా తెలుసు."

"వెళ్ళి పిలువు."

"నువ్వూ రా అక్కా."

"నేను రాను. నేను తోడొస్తే నీకు సగమే సిగ్గేస్తుంది. ఒక్కడివే వెళ్ళు."

వెళ్ళాను. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తలుపు ఆయన భార్య తీసింది. నన్ను గుర్తుపట్టి తలుపు సగంలోనే ఆపేసింది.

"ఇంకేం మిగిలిందని వచ్చారు? నోరున్న మనిషైతే మీరు ఇంత పని చేసేవారా?"

చెప్పులు విడిచి గుమ్మం బయటే నిలబడ్డాను. ఆవిడ వెనకాల గదిలో చుక్కలాయన తన తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. వారం నుంచి పని లేదు, అయినా కోటు ఇస్త్రీ మానలేదు. "మెషిన్ ఒకసారి ఆన్ చెయ్యాలి. తప్పు మీది కాదేమోనని అనుమానంగా ఉంది," అన్నాను. అదీ 'ఏమో' అనే అన్నాను, నోరు పూర్తిగా తెరవలేక.

"రేపు పొద్దున రోగులు తక్కువుంటారు సార్. రేపొస్తాను," అన్నాడాయన. ఆయన భార్య నన్ను చూసిన చూపు మాత్రం ఇంకా నాతోనే ఉంది.

ఆదివారం పదింటికి అందరికీ ముందే చెప్పి మొదలెట్టాం. అక్క సెలవు రోజైనా వచ్చి ఫోన్ దగ్గర కూర్చుంది. ఆ ఆదివారం వాళ్ళాయనతో గడుపుతానని మాటిచ్చిందిట, అందుకని ఆయన కూడా పలక పట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్నాడు. చుక్కలాయన ల్యాబులో, నేను సర్వర్ గదిలో. మా ముగ్గురినీ ఒకే లైన్లో కలిపింది అక్క.

"కడిగాను. ఆన్ చేస్తున్నాను సార్. పచ్చదీపం. ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు..."

పోయింది. పదకొండు మెషిన్లూ ఒక్కసారి మూగబోయాయి. నా చెయ్యి దానంతటది రీస్టార్ట్ మీదికి వెళ్ళింది.

"చెయ్యి తియ్యి!" అంది అక్క ఫోన్లో. నన్ను చూడట్లేదు, అయినా తెలిసింది ఆవిడకి. "ముందు ఏం జరిగిందో రాసుకో. తర్వాత బాగుచేద్దువు."

చెయ్యి తీశాను. ఆరు వారాల్లో మొదటిసారి ఆ చిట్టా తెరిచి చూశాను. స్విచ్ ప్రోగ్రాం చచ్చిపోలేదు, ఒళ్ళు తెలీకుండా పనిచేస్తోంది. సర్వర్ బలమంతా అదే తినేస్తోంది. ల్యాబు మెషిన్ నిద్రలేవగానే పంపిన ఒకే ఒక్క ప్యాకెట్ దగ్గర, అంటే చిన్న సమాచారపు పొట్లం దగ్గర, ఇరుక్కుంది. ప్యాకెట్లో ముక్కలుంటాయి, ఒక్కో ముక్క తన పొడవెంతో ముందే చెబుతుంది. అంత దూరం జరిగి తర్వాతి ముక్క చదవాలి. ఈ పాత మెషిన్ ఒక ముక్క దగ్గర పొడవు సున్నా అని పంపుతోంది. పాత వెర్షన్ అలాంటిది వస్తే అవతల పారేసేది. కొత్త వెర్షన్ సున్నా జరిగి, మళ్ళీ అదే ముక్క చదివి, మళ్ళీ సున్నా జరిగి, అక్కడక్కడే తిరుగుతోంది. మిగతా అందరూ దాని వెనకాల లైన్లో నిలబడ్డారు. అప్పుడు తట్టింది నాకు. ఇది ల్యాబు మెషినే పంపాలని లేదు. ఆ పదకొండింట్లో ఏ ఒక్కదాంట్లోకైనా దూరిన దుర్మార్గుడు కావాలని ఇలాంటి ప్యాకెట్ ఒక్కటి వదిలితే చాలు, ఆస్పత్రి ఆగిపోతుంది. మా ఆస్పత్రే కాదు, ఆ సాఫ్ట్‌వేర్ వాడే ప్రతిచోటా.

అంతా కాపీ చేసుకుని, రాసుకుని, అప్పుడు పాత వెర్షన్ మళ్ళీ వేసి రీస్టార్ట్ చేశాను. బయటికొచ్చేసరికి అక్క పలక మీద రాస్తోంది. వాళ్ళాయన చదివి, నా వైపు చూసి, తల ఊపాడు. ఏం రాసిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

చుక్కలాయన కోటు మడిచి చేతిమీద వేసుకుని వెళ్ళిపోయాక అక్కతో అన్నాను, "బతికాం అక్కా. తప్పు సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళది. రేపు అదే చెబుతా."

"తప్పు ఎవరిదో చెప్పడం వేరు. నువ్వేం రాశావో చెప్పడం వేరు. రెండూ చెప్పాలి."

ఆ రోజంతా మింగలేక కక్కలేక తిరిగాను. సాఫ్ట్‌వేర్ లోపమని చెప్పి ఊరుకుంటే నేను హీరోని. రెండోది కూడా చెబితే ఏమవుతానో తెలీదు. చుక్కలాయన తప్పు లేదని తేలినా, డబ్బా పెట్టాడనీ సినిమాలు దించాడనీ నేను రాసింది ఆయన ఫైల్లో అలాగే ఉండిపోతుంది. ఎవరూ అడగరు. నోట్లో నాలుక లేదు కదా.

సోమవారం పొడుగాటి బల్ల. ఒక చివర పెద్ద డాక్టరుగారు, ఇంకో చివర చుక్కలాయన, ఇస్త్రీ చేసిన కోటులో. నేను లేచి ముందు సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పాను. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"ఇంకో మాట సార్. ఆ డబ్బా పెట్టమన్నది నేనే. సినిమాల మాట నేను ఊహించి రాశాను, ఒక్క ఆధారం లేదు. ఈయన ఎనిమిదిసార్లు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పారు. నేను ఒక్కసారీ వినలేదు. సాక్ష్యం చెరిపింది కూడా నేనే. నా రిపోర్టు తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను." అక్క నోటుబుక్కులు బల్ల మీద పెట్టాను. 'ఏడవమను' అన్న పేజీ తెరిచే పెట్టాను.

పెద్ద డాక్టరుగారు ఆ పేజీ చదివి, నోటుబుక్కు మూసి నా వైపు జరిపారు. నాకు మెమో వచ్చింది. రావాల్సిందే. చుక్కలాయన ఫైల్లోంచి నా రిపోర్టు తీసి ఆయన ముందే చింపారు. ఏమైనా చెబుతారా అని ఆయన్ని అడిగారు.

"వెళ్ళొచ్చా సార్? ఇవాళ్టి శాంపిళ్ళు పేరుకుపోయి ఉంటాయి," అన్నాడు.

ఆ సాయంత్రం అక్క కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. "అక్కా, నువ్వు లేకపోతే ఒక మనిషి అన్నం నోటి దగ్గర లాగేసి, మంచి పని చేశాననుకుంటూ బతికేవాణ్ణి. ఆ పాపం నా మెడకు చుట్టుకోకుండా చేశావ్," అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క పెన్ను తియ్యబోయింది. "ఇది రాయకే తల్లీ!" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత ఏడు గడులూ తీసేశాను. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా వాళ్ళ మాటలు చదివాకే లేస్తాను. నా కోపం పోయిందనను గానీ, చదివేలోపు సగం చల్లారుతుంది.

సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళకు అంతా రాసి పంపాను. నిజమే, లోపమే అని ఒప్పుకున్నారు. తొమ్మిది రోజుల్లో సరిచేసిన వెర్షన్ ఇచ్చారు. ఇలాంటి లోపం కనిపెట్టినవాళ్ళ పేరు తమ ప్రకటనలో వేసి ధన్యవాదాలు చెప్పడం వాళ్ళ పద్ధతిట. ఎవరి పేరు వెయ్యమంటారని అడిగారు. నా పేరు రాసుకోవాలని చెయ్యి దురద పెట్టలేదంటే అబద్ధం. అక్క దగ్గరికెళ్ళి నీ పేరు ఇస్తానన్నాను.

"నేను రాశానంతే. చెప్పింది ఆయన. చెబితే తన మీదికే వస్తుందని తెలిసీ ప్రతిసారీ నిజమే చెప్పాడు. ఆయన పేరు వేయించు."

ల్యాబుకెళ్ళాను. చుక్కలాయన అద్దం పలక మీద చుక్క వేస్తున్నాడు. వేసేదాకా ఆగి సంగతి చెప్పాను. ప్రపంచమంతా చదువుతారు, మీ పేరు ఎలా రాయమంటారు అని అడిగాను.

ఆయన తల ఎత్తి, మొదటిసారి నా కళ్ళలోకి చూసి నవ్వాడు.

"ఇంతకుముందు ఒకసారి రిపోర్టులో రాశారు కదా సార్," అన్నాడు. "అలాగే రాయండి."